ఒకే ఆలోచన బుర్రలో తిరుగుతూ ఉంటే ఏం చేయాలి? డిప్రెషన్‌లో ఉన్నవారి కోసం

డిప్రెషన్‌లో ఉన్న మనిషిని చూసి బయటివాళ్లు "ఏ పనీ చేయడు, ఊరికే పడుకుని ఉంటాడు" అంటారు. అలా పడుకున్న మనిషి బుర్ర మాత్రం ఒక్క నిమిషం ఖాళీగా ఉండదు. "నాకే ఎందుకిలా? అప్పుడు అలా అనకుండా ఉండాల్సింది. నా వల్ల ఎవరికీ సుఖం లేదు." అవే మాటలు, అదే వరసలో, మళ్లీ మళ్లీ. ఇంత ఆలోచిస్తే ఏదో ఒక దారి దొరక్కపోదన్న ఆశతోనే మనసు ఆ పని చేస్తుంది. దారి దొరకదు. లేచేసరికి ఒంట్లో ఉన్న కాస్త ఓపికా అయిపోయి ఉంటుంది.

డిప్రెషన్ వచ్చింది కాబట్టి ఇలాంటి ఆలోచనలు వస్తున్నాయని అనుకుంటాం. అది సగం నిజం. ఆ ఆలోచనల తిరుగుడు కూడా డిప్రెషన్‌ను పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. బాధను పైకి రానివ్వకుండా లోపలే అణిచిపెట్టే అలవాటు దానికి తోడవుతుంది. ఈ రెండూ ఎక్కువగా నేర్చుకున్న అలవాట్లే కాబట్టి, ఓపిగ్గా పని చేస్తే మార్చుకోవచ్చు.

అంతమాత్రాన "అంతా నీ ఆలోచనల్లోనే ఉంది" అనేవాళ్లతో నేను ఏకీభవించను. వంశపారంపర్యంగా వచ్చే గుణం, కాన్పు తర్వాత ఒంట్లో వచ్చే మార్పులు, అప్పులు, ఇంట్లో హింస, కావలసినవాళ్లు పోవడం, ఏళ్ల తరబడి వేధించే జబ్బు, ఇవన్నీ డిప్రెషన్‌కు దారితీసేవే. అప్పు ఇచ్చినవాడు గుమ్మంలో కూర్చుంటే ఆలోచన మార్చుకున్నంత మాత్రాన అప్పు తీరదు. కానీ రేపు పొద్దున్నే లేచి అతనితో గడువు గురించి మాట్లాడాలంటే ఒంట్లో కాస్త శక్తి మిగలాలి. కింద చెప్పేవి ఆ శక్తిని మిగుల్చుకోవడానికి.

మొదలుపెట్టే ముందు

చనిపోవాలనిపిస్తోందా? అయితే ఈ వ్యాసం చదవడం ఇక్కడే ఆపి 14416కు ఫోన్ చేయండి. అది టెలి-మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత సేవ. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రమాదం ఇప్పుడే ఉందనిపిస్తే 112కు చేయండి. పక్కన ఎవరున్నా సరే, వాళ్లను పిలిచి దగ్గర కూర్చోమనండి.

మిగతావారు ముందు ఒకటి తేల్చుకోవాలి: ఇది రెండు రోజుల దిగులా, డిప్రెషనా? దిగులు గానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ దాదాపు రోజూ, రోజులో ఎక్కువసేపు, రెండు వారాలకు పైగా ఉండి, దానితోపాటు నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత దెబ్బతింటే డాక్టరును కలవాల్సిందే. డాక్టర్లు వాడే పీహెచ్‌క్యూ-9 అనే చిన్న ప్రశ్నాపత్రంలో తొమ్మిదే ప్రశ్నలుంటాయి, అన్నీ గడచిన రెండు వారాల గురించే. మొత్తం 27కు 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఆలస్యం చేయకండి. థైరాయిడ్ తక్కువగా ఉన్నా, రక్తహీనత ఉన్నా, విటమిన్ బి12 లోపించినా ఇలాంటి లక్షణాలే కనిపిస్తాయి. అందుకే రక్తపరీక్షలు చేయించమని డాక్టరు అంటే విసుక్కోకండి.

మొదటి అడుగు: అది ఎప్పుడు మొదలవుతోందో పట్టుకోండి

1989 అక్టోబరు 17న అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతాన్ని పెద్ద భూకంపం కుదిపేసింది. దానికి రెండు వారాల ముందే స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో సుసాన్ నోలెన్-హోక్సెమా అనే సైకాలజిస్టు, దిగులు కలిగినప్పుడు మీరేం చేస్తారని విద్యార్థులతో రాయించి పెట్టుకున్నారు. భూకంపం వచ్చిన పది రోజులకు ఒకసారి, ఏడు వారాలకు మరోసారి వాళ్లనే మళ్లీ అడిగారు. బాధను పట్టుకుని దాని చుట్టూనే తిరిగే అలవాటు ముందునుంచీ ఉన్నవాళ్లలో డిప్రెషన్ లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. వాళ్లు మొదట ఎంత దిగులుగా ఉన్నారన్నది లెక్కలోకి తీసుకున్నా తేడా నిలిచింది. ఒకే నేల అందరి కాళ్లకిందా కదిలింది, ఆ తర్వాత ఎవరు ఎంతకాలం కుమిలిపోయారన్నది మాత్రం కొంతవరకు ఆ అలవాటును బట్టి ఉంది.

మీకు ఈ అలవాటు ఎంత ఉందో తెలియాలంటే ఒక వారం పాటు చిన్న నోట్‌బుక్ దగ్గర పెట్టుకోండి. ఆలోచనలు తిరగడం మొదలైందని గమనించినప్పుడల్లా నాలుగు ముక్కలు రాయండి: టైము, ఎక్కడున్నారు, అంతకు ముందు ఏం జరిగింది, ఎంతసేపు సాగింది. వారం అయ్యాక చూస్తే ఒక వరస కనిపిస్తుంది. ఒకరికి తెల్లవారుజామున మెలకువ రాగానే. ఇంకొకరికి బస్సులో కిటికీ పక్కన కూర్చోగానే. కొందరికి క్లాస్‌మేట్ల పెళ్లి ఫోటోలు ఫోన్‌లో చూశాక. ఊళ్లో ఉన్న అమ్మతో మాట్లాడి ఫోన్ పెట్టేశాక మొదలయ్యేవాళ్లూ ఉంటారు.

మంచి ఆలోచనకూ ఈ తిరుగుడుకూ తేడా కనుక్కోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. రెండు నిమిషాలు ఆలోచించాక ఆగి మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇంతకు ముందు తెలియనిది ఏమైనా తెలిసిందా? చేయగలిగిన పని ఒక్కటైనా తోచిందా? నన్ను నేను తిట్టుకోవడం తగ్గిందా? మూడింటికీ లేదనే సమాధానం వస్తే ఇక రెండు గంటలు కూర్చున్నా వచ్చేదేమీ ఉండదు. అప్పుడు లేవండి. గది మారండి, ముఖం కడుక్కోండి, గిన్నెలు తోమండి. చేతులకు పని చెప్పడం దాన్ని తెంచే మొదటి మార్గం.

"ఆలోచించకూడదు" అని మనసుకు ఆజ్ఞ మాత్రం వేయకండి. డేనియల్ వెగ్నర్ అనే సైకాలజిస్టు 1987లో ప్రచురించిన ప్రయోగంలో తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని చెబితే, జనానికి అదే పదేపదే గుర్తొచ్చింది.

రెండో అడుగు: "ఎందుకు"ను పక్కన పెట్టి "ఏం, ఎప్పుడు, ఎలా" అని అడగండి

నా ఉద్దేశంలో అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే, అందుకే ఇక్కడ కాసేపు ఆగుదాం.

ఒక టీచరమ్మ అనుకోండి. ప్రైవేటు స్కూల్లో పని. స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ హెడ్‌మిస్ట్రెస్ "మీ సెక్షన్ నోట్సులు ఇంకా కరెక్షన్ కాలేదా మేడమ్?" అని అడిగింది. అంతే మాట. రాత్రి పిల్లలు పడుకున్నాక ఆ మాట తిరగడం మొదలైంది. "నేనెందుకిలా తయారయ్యాను? అందరి ముందూ అలా ఎందుకంది? అందరూ నన్ను చేతకానిదాన్ననే అనుకుంటున్నారు. ఇంట్లోనూ అంతే, బాబుకి హోమ్‌వర్క్ కూడా చేయించలేకపోతున్నా. అమ్మగా కూడా పనికిరాను. ఇక నా బతుకింతే."

మెట్లు చూడండి. నోట్సుల దగ్గర మొదలై, స్టాఫ్‌రూమ్ మీదుగా, తల్లితనం మీదికి, అక్కణ్ణుంచి మొత్తం బతుకు మీదికి వెళ్లింది. "ఎందుకు" అన్న ప్రశ్న ప్రతి మెట్టు దగ్గరా ఆమెను ఇంకా కిందికి దించింది. బతుకింతే అన్న మాటకు మందు లేదు, రేపు చేయాల్సిన పనీ లేదు. కాబట్టే అది తిరుగుతూనే ఉంటుంది.

ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీలో ఎడ్వర్డ్ వాట్కిన్స్ అనే సైకాలజిస్టు ఏళ్లుగా పనిచేస్తున్నది ఈ విషయం మీదే. ఆలోచన ఎంత గాలిలో ఉంటే అంత హాని, ఎంత నేలమీద ఉంటే అంత మేలు అన్నది ఆయన పరిశోధనల సారం. ఆ టీచరమ్మే తనను తాను ఇలా ప్రశ్నించుకుందనుకుందాం:

ఏ నోట్సులు? ఏడో తరగతి బి సెక్షన్, లెక్కలవి. మిగతా రెండు సెక్షన్లవి అయిపోయాయి.
ఎప్పటినుంచి ఆగాయి? యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దిన వారం నుంచి.
ఆమె అన్న మాట సరిగ్గా ఏమిటి? "ఇంకా కాలేదా" అంది. చేతకానిదానివని అనలేదు.
రేపు ఏం చేయగలను? మూడో పీరియడ్ ఖాళీ. పదిహేను నోట్సులు అవుతాయి. మిగతావి శుక్రవారానికి ఇస్తానని ఉదయమే వెళ్లి చెబుతాను.

బాధ పూర్తిగా పోలేదు. అందరి ముందూ అడగడం చివుక్కుమనిపించే మాటే. కానీ బతుకంతా ముంచేసిన సంగతి మళ్లీ పదిహేను నోట్సుల పరిమాణానికి వచ్చింది. మీ నోట్‌బుక్‌లో పట్టుకున్న ఒక సంగతిని తీసుకుని ఇదే పద్ధతిలో రాయండి. సినిమా కెమెరాకు ఏం కనిపిస్తుందో, ఏం వినిపిస్తుందో అదే రాయాలి. "ఆమెకు నేనంటే పడదు" అన్నది కెమెరాకు కనిపించదు. రాయడం తప్పనిసరి, మనసులోనే చేద్దామనుకుంటే పాత దారిలోకే జారిపోతుంది.

మూడో అడుగు: మనసు చెప్పే మాటను సాక్ష్యం అడగండి

1960లలో ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్టు ఒక సంగతి గమనించారు. డిప్రెషన్ ఉన్నవాళ్ల మనసులో చిన్న చిన్న మాటలు వాటంతటవే మెరిసి మాయమవుతుంటాయి. అవి దాదాపు ఎప్పుడూ మూడు వైపులకే వెళ్తాయి: నేను పనికిరాను, లోకం నాకు ఎదురుగానే ఉంది, ముందు ముందు కూడా ఇంతే. ఆ మాటలు అంత వేగంగా వస్తాయి కాబట్టి వాటిని ఎవరూ ప్రశ్నించరు, నిజమే అనుకుంటారు. ఆయన మొదలుపెట్టిన చికిత్సనే ఇప్పుడు సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అంటున్నాం.

పేజీని నిలువుగా భాగాలు చేయండి. జరిగింది, మనసు అన్న మాట, కలిగిన ఫీలింగ్ వందకు ఎంత, ఆ మాటకు సాక్ష్యం, దానికి ఎదురు సాక్ష్యం, చివర్లో ఇప్పుడు నమ్మగలిగే మాట. ఎదురు సాక్ష్యం గడి నింపడం మొదట్లో చాలా కష్టం, డిప్రెషన్ మంచి జ్ఞాపకాలను వెంటనే అందనివ్వదు. అక్కడ ఆగిపోతే, ఇదే మాట మీ చెల్లెలో స్నేహితుడో అంటే మీరేం జవాబు చెప్పేవారో అది రాయండి.

చివరి గడిలో "అంతా మంచికే", "నేను గొప్పదాన్ని" లాంటివి రాయకండి. మీరే నమ్మని మాట మీకు ధైర్యం ఇవ్వదు. "ఈ నెల వెనకబడ్డాను, ఇంతకు ముందు రెండు టర్ములు సమయానికే ఇచ్చాను" అన్నంత మామూలు మాట చాలు. ఫీలింగ్ 80 నుంచి 60కి దిగినా పని జరిగినట్టే. సాక్ష్యాలన్నీ చూశాక కూడా మనసు అన్న మాటే నిజమని తేలితే, నిజంగానే ఉద్యోగం పోయేలా ఉంటే, అప్పుడిక ఆ మాటతో వాదించకండి. రెజ్యూమే ఎవరికి పంపాలి, ఈ నెల ఇంటి ఖర్చు ఎక్కడ తగ్గుతుంది అన్న లెక్కలోకి దిగండి.

నాలుగో అడుగు: దిగమింగుకోవడం తగ్గించండి

"మగాడివి, ఏడుస్తావేంటి?" "నలుగురిలో పరువు పోతుంది, ముఖం మామూలుగా పెట్టు." మన ఇళ్లలో పిల్లలు ఇవి వింటూనే పెరుగుతారు. ఇలా పెంచడం వల్ల గట్టిపడతారని పెద్దల నమ్మకం. ప్రయోగాలు చెప్పేది వేరు. స్టాన్‌ఫర్డ్‌లో జేమ్స్ గ్రాస్ అనే సైకాలజిస్టు 1998లో ప్రచురించిన అధ్యయనంలో, చూడలేనంత జుగుప్స కలిగించే ఆపరేషన్ దృశ్యాల వీడియో చూపించారు. కొందరిని ముఖంలో ఏ భావమూ కనపడనీయవద్దన్నారు. ఇంకొందరిని వైద్యం గురించి తెలుసుకుంటున్న దృష్టితో చూడమన్నారు. దాచుకున్నవాళ్లకు జుగుప్స తగ్గలేదు, పైగా శరీరంలో ఒత్తిడి పెరిగింది. చూసే దృష్టి మార్చుకున్నవాళ్లకు జుగుప్సే తగ్గింది. ముఖం మీద మూత పెడితే లోపలి బాధ ఎక్కడికీ పోదు.

బదులుగా ఏం చేయాలి? బాధకు సరైన పేరు పెట్టండి. "ఏదోలా ఉంది" అని వదిలేయకుండా, ఇది అవమానమా, భయమా, ఒంటరితనమా, కోపమా చూడండి. పేరును బట్టి చేయాల్సింది మారుతుంది. భయమైతే దేని గురించో తెలుసుకోవాలి, కోపమైతే ఎవరితోనో ఒక మాట అనాల్సి ఉంటుంది, ఒంటరితనమైతే మనిషి కావాలి. శరీరంలో అది ఎక్కడ ఉందో గమనించండి, గొంతులోనా, గుండెల మీదా, కడుపులోనా. పది నిమిషాలు దాన్ని ఉండనివ్వండి. ఏడుపొస్తే ఏడవండి. ఊపిరి వదలడం తీసుకోవడం కంటే నెమ్మదిగా ఉండేలా చూసుకుంటే గుండెదడ కాస్త నెమ్మదిస్తుంది. ఆఫీసులో ఉన్నప్పుడు ఇవన్నీ కుదరవు, అక్కడ కాసేపు అదుపు చేసుకోవడంలో తప్పేమీ లేదు. ఇంటికి వచ్చాక దానికి టైము ఇవ్వండి, అంతే.

మద్యం తాగి మరచిపోవడం దిగమింగుకోవడానికి ఇంకో రూపం. తాగిన కాసేపు తేలిగ్గా ఉంటుంది. నిద్ర చెడుతుంది, మర్నాటి దిగులు రెట్టింపవుతుంది.

చాలామంది గమనించని సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. బాధను ఎవరితోనైనా పంచుకోమంటారు, అది నిజమే. కానీ రోజూ గంటసేపు ఫోన్లో అక్కతో జరిగిందే మళ్లీ జరిగినట్టు చెప్పుకుని ఇద్దరూ కుమిలిపోతే, అది ఇద్దరు కలిసి చేసే అదే తిరుగుడు. అక్క మీద ప్రేమ పెరుగుతుంది, దిగులూ పెరుగుతుంది. కాబట్టి జరిగింది ఒకసారి పూర్తిగా చెప్పండి. తర్వాత మీకేం కావాలో అడగండి: "సలహా వద్దక్కా, కాసేపు విను చాలు" అనో, "రేపు నాతో హాస్పిటల్‌కి వస్తావా?" అనో. ఆ తర్వాత వంట గురించో, పిల్లల గురించో మాట్లాడండి.

ఐదో అడుగు: మూడ్ కోసం ఆగకండి, పని ముందు పెట్టండి

"మూడ్ బాగైతే స్నానం చేస్తా, వాకింగ్‌కి వెళ్తా" అనుకుంటాం. డిప్రెషన్‌లో ఆ మూడ్ రాదు. పనులు ఆగిపోతాయి, సంతోషం ఇచ్చేవి ఒక్కొక్కటే జారిపోతాయి, ఖాళీ పెరుగుతుంది, ఖాళీ నిండా మళ్లీ ఆలోచనలే. ఈ గొలుసును పని వైపు నుంచి తెంచవచ్చని మన దేశంలోనే చేసి చూపించారు. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన, తీవ్రమైన డిప్రెషన్ ఉన్న 495 మందిని సైకియాట్రిస్టు విక్రమ్ పటేల్ బృందం రెండు భాగాలు చేసింది. ఒక భాగానికి, మానసిక వైద్యంలో డిగ్రీ లేని స్థానికులు శిక్షణ తీసుకుని ఆరు నుంచి ఎనిమిది సార్లు కౌన్సెలింగ్ ఇచ్చారు. ముఖ్యంగా చేయించింది ఇదే: రోజులోకి చిన్న చిన్న పనులను మళ్లీ తీసుకురావడం. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం మూడు నెలలకు వాళ్లలో నూటికి 64 మంది కోలుకున్నారు. మామూలు వైద్యం అందినవాళ్లలో 39 మంది.

మీరు చేయాల్సింది: రాత్రి పడుకునే ముందు రేపటికి రెండే పనులు, టైముతో సహా రాసుకోండి. ఒకటి పూర్తి చేశామన్న తృప్తి ఇచ్చేది, ఇంకోటి ఒకప్పుడు ఇష్టమైనది. "ఇల్లు సర్దాలి" అని రాయకండి. "ఎనిమిదింటికి మంచం మీద బట్టలు మడత పెట్టాలి" అని రాయండి. అదీ చేయలేకపోతే పనిని సగం చేయండి, నాలుగు బట్టలే. వాకింగ్ అంటే పాల బూత్ దాకా వెళ్లి రావడం చాలు. చేసే ముందు ఎంత బాగుంటుందనుకున్నారో, చేశాక ఎంత బాగుందో పదికి పక్కన అంకెలు వేయండి. మొదటి వారం రెండు, మూడు అంకెలే వస్తాయి, ఇష్టమైన పాట కూడా రుచించదు. అయినా టైము ప్రకారం చేయండి. పాత అంకెలు తిరగేసినప్పుడు, ముందు అనుకున్నదానికంటే చేశాక కాస్త నయంగా ఉందని మీకే కనిపిస్తుంది.

రాత్రుళ్లు నిద్ర పట్టక ఆలోచనలు మొదలైతే, ఇరవై నిమిషాలకు మించి మంచం మీద దొర్లకండి. లేచి మసక వెలుతురులో కూర్చుని ఏదైనా తేలికైన పని చేయండి, కునుకు వచ్చినప్పుడే మళ్లీ పడుకోండి. ఫోన్ పక్క గదిలో పెట్టండి.

ఇంట్లోవాళ్లు చేయాల్సింది

"ధైర్యంగా ఉండు", "నీకేం తక్కువ" అన్న మాటలు ఆపండి. అవి విన్న మనిషికి, తక్కువేమీ లేకపోయినా ఇలా ఉన్నాననే నేరభావం ఇంకోటి చేరుతుంది. "నేను కూడా వస్తా, పాల బూత్ దాకా వెళ్దాం పద" అనండి. రానంటే తిట్టకుండా మర్నాడు మళ్లీ అడగండి.

డాక్టరు దగ్గరికి

నాలుగైదు వారాలు ఇవన్నీ చేసినా మార్పు లేకపోతే, లేదా ఇవి మొదలుపెట్టే ఓపికే లేకపోతే, అది మీ పట్టుదల లోపం కాదు. 2015-16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ జరిపిన జాతీయ సర్వేలో డిప్రెషన్ ఉన్నవారిలో సుమారు 85 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. మీరు ఆ లెక్కలో ఉండిపోవద్దు. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కోండి, దగ్గర్లో ఎక్కడికి వెళ్లాలో 14416లో కూడా చెబుతారు.

మందులు రాస్తే భయపడకండి. డిప్రెషన్ మందులు పనిచేయడానికి సాధారణంగా రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, కాబట్టి పది రోజులకే లాభం లేదని మానేయకండి. కాస్త బాగుందని సొంతంగా ఆపేయడం కూడా ప్రమాదమే, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. మధ్యమధ్యలో కొన్నాళ్లు నిద్ర లేకపోయినా విపరీతమైన హుషారు, అదుపు లేని ఖర్చు, ఆగని మాటలు ఉండేవా? ఆ సంగతి తప్పకుండా చెప్పండి, దాన్నిబట్టి మందులే మారిపోతాయి.

మొదటిసారి వెళ్లేటప్పుడు ఈ నోట్‌బుక్, పాత రిపోర్టులు, ఇప్పుడు వేసుకుంటున్న మందుల చీటీ పట్టుకెళ్లండి. లోపలికి వెళ్లాక మాట రాదేమోనన్న టెన్షన్ ఉంటే నాలుగు వాక్యాలు ముందే రాసుకోండి: ఎప్పటినుంచి ఇలా ఉంది, నిద్రా ఆకలీ ఎలా ఉన్నాయి, ఏయే పనులు ఆగిపోయాయి, చనిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా. నాలుగోది డాక్టరు అడగకపోయినా చెప్పండి.